కాలనీ సంఘం ఉంది సరే.. కాగితాలున్నాయా?

పార్కు మూలన రాత్రికి రాత్రే ఒక రేకుల షెడ్డు వెలిసిందనుకోండి. కాలనీ తరఫున ఫిర్యాదు చేయడానికి వెళ్తే, 'సంఘం రిజిస్ట్రేషన్ పత్రం, ఇప్పటి కమిటీ జాబితా తెచ్చారా?' అని అడిగితే మీ దగ్గర ఉన్నాయా? పాత కాలనీల్లో చాలామంది తడబడేది ఇక్కడే.

1908 మూసీ వరదల తర్వాత, 1912లో హైదరాబాద్‌లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. మల్లేపల్లి, రెడ్‌హిల్స్ లాంటి ప్రాంతాలు ఆ కాలపు ప్రణాళికతో రూపుదిద్దుకున్నవే. ఇలాంటి పాత బస్తీల్లో ఇళ్లు వారసుల మధ్య పంపకాలైపోతాయి. కొందరు విదేశాల్లో ఉంటారు, ఇళ్లలో అద్దెకుండేవారు ఉంటారు. సంఘం పెట్టిన పెద్దలతోపాటే కాగితాలూ మాయమవుతాయి.

రిజిస్ట్రేషన్ ఎలా?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు చోట్లా సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం-2001 వర్తిస్తుంది. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. సంఘం ఆశయాలు తెలిపే మెమొరాండం, నడిచే తీరు చెప్పే బైలాస్ తయారుచేసి, గుర్తింపు, చిరునామా పత్రాలతో జిల్లా రిజిస్ట్రార్ వద్ద దరఖాస్తు చేయాలి.

ఒకసారి చేయిస్తే చాలదా?

చాలదు. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి లెక్కలు చూపాలి. ఆ తర్వాత 15 రోజుల్లో కమిటీ సభ్యుల జాబితాను రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఇది ఆగిపోతే, అసలు కమిటీ మాదేనని రెండు వర్గాలు వాదించుకునే పరిస్థితి వస్తుంది. బ్యాంకు ఖాతా నడపడమూ కష్టమవుతుంది.

అద్దెకుండేవారికి ఓటు ఉంటుందా?

అది మీ బైలాస్‌ను బట్టి ఉంటుంది. ఊళ్లో లేని యజమాని తరఫున మరొకరు ఓటు వేయవచ్చా అన్నదీ అందులోనే చూసుకోవాలి. స్పష్టంగా లేకపోతే ఎన్నికలకు ముందే సవరించుకోండి.

సంఘం ఏం చేయవచ్చు?

ఆమోదం పొందిన లేఅవుట్ ప్రతిని సమాచార హక్కు చట్టం-2005 కింద అడగవచ్చు. పార్కు హద్దులకు అదే ఆధారం. హైదరాబాద్‌లో పార్కులు, చెరువుల ఆక్రమణలపై 2024లో ఏర్పాటైన హైడ్రాకు ఫిర్యాదు చేయవచ్చు. నీటి, మురుగు సమస్యలకు 155313, కరెంటుకు 1912 నంబర్లు ఉన్నాయి. ఫిర్యాదు నంబరు సంఘం రిజిస్టరులో రాసిపెట్టుకుంటే తర్వాత పైఅధికారిని అడగడానికి పనికొస్తుంది.

ఏం చేయకూడదు?

వీధి మీ కాలనీదే అయినా, పబ్లిక్ రోడ్డుకు మీ ఇష్టప్రకారం గేటు పెట్టి దారి మూసే హక్కు సంఘానికి లేదు. పార్కు స్థలాన్ని అమ్మడం, లీజుకివ్వడం కూడా కుదరదు. పాత ఇల్లు కూల్చొద్దని యజమానిని ఆదేశించే అధికారమూ లేదు. అయితే ఆ భవనం తెలంగాణ వారసత్వ చట్టం-2017 కింద రక్షణ ఉన్నదైతే అధికారులకు వెంటనే తెలియజేయండి.

సంఘంలోనే గొడవైతే?

2001 చట్టంలోని సెక్షన్ 23 ప్రకారం సభ్యులెవరైనా మధ్యవర్తిత్వానికి వెళ్లవచ్చు, లేదా జిల్లా కోర్టును ఆశ్రయించవచ్చు. అక్కడ ముందు అడిగేది మినిట్స్ పుస్తకమే.

ఈ ఆదివారం ఒక పని చేయండి. రిజిస్ట్రేషన్ పత్రం, బైలాస్, చివరిసారి ఇచ్చిన కమిటీ జాబితా ఎవరింట్లో ఉన్నాయో కనుక్కుని, ఫోన్‌లో ఫొటో తీసి కనీసం ముగ్గురి దగ్గర ఉంచండి. షెడ్డు లేచాక వెతకడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.