గర్భసంచి ఆపరేషన్, అండాశయం, హార్మోన్లు: గుంటూరు, ప్రకాశం పల్లెల వైపు నుంచి

అండాశయ క్యాన్సర్‌కూ హార్మోన్లకూ ఉన్న సంబంధం మీద పెద్ద పరిశోధనలు ఎక్కువగా రెండు ప్రశ్నలు వేసుకున్నాయి. గర్భనిరోధక మాత్ర మింగితే ముప్పు తగ్గుతుందా? ముట్లుడిగాక హార్మోన్లు వాడితే పెరుగుతుందా? గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి తీతకూ మిరప కోతకూ వెళ్లే ఆడవాళ్లలో ఈ రెండూ వాడేవాళ్లు అరుదు. వాళ్ల ఒంట్లో హార్మోన్ల సంగతి ఎక్కువగా ఆపరేషన్ బల్ల మీదే తేలిపోతోంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో 69.6 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. మాత్ర వాడేవారు నూటికి ఒక్కరు కూడా లేరు. 2015-16 సర్వేలో అదే వయసు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, మన రాష్ట్రంలో 8.9 శాతం. ఇద్దరు బిడ్డలు పుట్టగానే ఒక ఆపరేషన్, కొందరికి నలభై నిండకుండానే గర్భసంచి తీసే రెండోది.

మొదటి ఆపరేషన్‌తో ఒక మేలుంది, దాన్ని ఎవరూ చెప్పరు. అండం విడుదలైన ప్రతిసారీ అండాశయం పైపొర చిట్లి మళ్లీ మానుతుందని, ఆ పదేపదే జరిగే గాయమే క్యాన్సర్‌కు దారి కావచ్చని 1971లో ఈజిప్టు వైద్యుడు ఫతల్లా అన్నాడు. మాత్ర అండం విడుదలను ఆపుతుంది. 45 అధ్యయనాలను కలిపి 2008లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన విశ్లేషణలో, మాత్ర వాడిన ప్రతి అయిదేళ్లకూ ముప్పు దాదాపు 20 శాతం చొప్పున తగ్గింది. మానేసి ముప్పై ఏళ్లయినా ఆ రక్షణ కొంత మిగిలింది. తర్వాతి పరిశోధనలు మరో సంగతి తేల్చాయి: ఈ క్యాన్సర్లలో ప్రాణాంతకమైన రకం చాలావరకు అండవాహిక చివర మొదలవుతుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో ఆ ట్యూబులు కట్టించుకున్నవారిలో ఈ జబ్బు తక్కువగా కనిపించడం దానికి పొసగుతుంది. మాత్ర ఎరగని మన కూలి స్త్రీకి ఆ రక్షణలో కొంత ఇలా దక్కింది.

నా ఆందోళన రెండో ఆపరేషన్ గురించి. తెల్లబట్ట అవుతోందనో, ముట్టు ఎక్కువ పోతోందనో ఆసుపత్రికి వెళ్లిన మనిషికి "ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అనే మాట వినిపిస్తుంది. కోతల కాలంలో రోజు కూలి పోగొట్టుకోలేని ఇంట్లో ఆ మాటకు ఎదురుండదు. గర్భసంచితోపాటు అండాశయాలూ పోతే, ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగిన శరీరం మిగులుతుంది. మన దేశంలో అండాశయ క్యాన్సర్ జీవితకాలంలో నూరుమంది స్త్రీలలో ఒకరికైనా రాదు. వంశపారంపర్యంగా బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్నవారి లెక్క వేరు, వారికి అండాశయాలు తీయడమే మేలు కావచ్చు. మిగతావారి విషయంలో అమెరికా నర్సుల మీద 24 ఏళ్లు సాగి 2009లో వెలువడిన అధ్యయనం చూడాలి. అండాశయాలు తీసేసినవారిలో ఆ క్యాన్సర్ మరణాలు తగ్గాయి గానీ, గుండెజబ్బులూ మొత్తం మరణాలూ పెరిగాయి. ఎముకలు గుల్లబారడం దీనికి అదనం.

ఇలా చిన్న వయసులోనే అండాశయాలు పోయినవారికి ఆ లోటు తీర్చే ఈస్ట్రోజన్ హార్మోన్ ఇవ్వాలంటే మళ్లీ క్యాన్సర్ భయమే అడ్డొస్తోంది. ఆ భయానికి ఆధారంగా చూపే 2015 లాన్సెట్ విశ్లేషణ ముట్లుడిగాక హార్మోన్లు వాడినవారిది. సుమారు యాభయ్యో ఏట మొదలుపెట్టి అయిదేళ్లు వాడిన వెయ్యిమందిలో అదనంగా ఒక్కరికి అండాశయ క్యాన్సర్ వస్తుందని అది లెక్కగట్టింది. ముప్పై అయిదేళ్లకే అండాశయాలు పోయిన మనిషికి ఆ లెక్క అంటగట్టడం తప్పు. ఆమె శరీరం మరో పదిహేనేళ్లు తయారు చేసుకోవలసిన దాన్నే ఆమెకు తిరిగి ఇస్తున్నాం. అందుకే, రొమ్ము క్యాన్సర్ వంటి కారణాలు లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ ఇమ్మని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. గర్భసంచి లేదు కాబట్టి ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు.

ఇదంతా జరగాలంటే ఎవరి అండాశయాలు పోయాయో ముందు తెలియాలి. కుటుంబ ఆరోగ్య సర్వే గర్భసంచి గురించి అడుగుతుంది, అండాశయాల గురించి అడగదు. అనవసర గర్భసంచి ఆపరేషన్ల మీద కేంద్ర మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. వాటి ప్రకారం ఏర్పడే జిల్లా పర్యవేక్షణ కమిటీలు ప్రతి ఆపరేషన్ నివేదికలోనూ అండాశయాలు ఉంచారా, తీశారా, తీస్తే ఎందుకు అన్నది రాయించాలి. ఆ కాగితం ప్రతి ఒకటి తెలుగులో ఆ స్త్రీ చేతికి ఇవ్వాలి. నడుమునొప్పితో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చినప్పుడు డాక్టరు మొదట చూడవలసింది దాన్నే.