ఆమ్లజనిలో ఆమ్లమెక్కడ?

బరంపురంలో ఒరియా బడికి పోయే మన పిల్లవాడు ‘అమ్లజాన్’ అని చదువుతాడు. బళ్ళారిలో కన్నడ బడి పిల్ల ‘ఆమ్లజనక’ అంటుంది. ఇంట్లో తాతగారి నాటి తెలుగు వాచకంలో అదే వాయువు ‘ఆమ్లజని’. ఆక్సిజన్‌కు మూడు భాషల్లోనూ దాదాపు ఒకే పేరుండడం నాకు సంతోషమే. కాని ఆ పేరుకు అర్థం ఆమ్లాన్ని పుట్టించేదని. ఆ అర్థమే నిలవదు.

తప్పు మన పండితులది కాదు, పారిస్‌లో లవోజియేది. 1774 ఆగస్టులో ఇంగ్లండులో ప్రీస్ట్లీ ఎర్రని పాదరస భస్మాన్ని భూతద్దంతో కాచి ఒక గాలిని పట్టాడు. అందులో కొవ్వొత్తి ధగధగా మండింది. స్వీడన్‌లో షీలే అంతకుముందే దాన్ని తీశాడు గాని, అతని పుస్తకం 1777 దాకా అచ్చు కాలేదు. ఆ గాలి ఏమిటో గ్రహించినవాడు మాత్రం లవోజియే. గంధకాన్నీ భాస్వరాన్నీ కాలిస్తే బరువు పెరుగుతుందని తూచి చూశాడు. కాలగా వచ్చినది నీళ్ళలో కలిస్తే ఆమ్లమవుతోంది. ఇంకేం, ఆమ్లాలన్నిటికీ మూలం ఈ గాలేనని తీర్మానించి, గ్రీకులో ‘పులుపును పుట్టించేది’ అని పేరు పెట్టాడు. 1787లో మిత్రులతో కలిసి వేసిన నామకరణ గ్రంథంతో అది స్థిరపడింది. జర్మన్లు దాన్ని తమ మాటల్లోకి తిప్పుకున్నారు, మనవాళ్ళు సంస్కృతంలోకి.

ఉప్పు నుంచి తీసే ఆమ్లం మాత్రం లొంగలేదు. అందులోనూ ఆక్సిజన్ ఉండే ఉంటుందని లవోజియే నమ్మకం. ఆ సంగతి తేలకముందే, 1794లో విప్లవకారులు అతని తల తీశారు.

తేల్చినవాడు లండన్‌లో హంఫ్రీ డేవీ. 1808లో సున్నం నుంచి కాల్షియం అనే లోహాన్ని విడదీశాడు. అంటే సున్నంలో ఆక్సిజన్ ఉంది. అయినా అది ఆమ్లం కాదు సరికదా, ఆమ్లాన్ని విరిచేస్తుంది. 1810లో ఉప్పు ఆమ్లంలో హైడ్రోజన్, ఒక ఆకుపచ్చని వాయువు తప్ప ఆక్సిజన్ జాడే లేదన్నాడు. ఆమ్లజని అన్న పేరు న్యాయంగా హైడ్రోజన్‌కు, అదే మన ఉదజనికి, దక్కవలసింది!

అయినా మాట మార్చమని నేననను. ‘ఆక్సిజన్’ అంటే తప్పు గ్రీకులో దాక్కుంటుంది, అంతే. ‘ప్రాణవాయువు’ చెవికి ఇంపే గాని, ఆయుర్వేదంలో అది దేహంలోని పంచవాయువుల్లో ఒకటి. పాఠం చెప్పేవారు ఏ భాషలో చెప్పినా ఈ కథకు రెండు నిమిషాలు కేటాయిస్తే బాగుంటుంది.

డేవీ మాత్రం జాగ్రత్తపడ్డాడు. ఆ ఆకుపచ్చని వాయువుకు ఏ సిద్ధాంతాన్నీ అంటగట్టకుండా, కంటికి కనబడే రంగును బట్టి క్లోరిన్ అని పేరు పెట్టి ఊరుకున్నాడు.