గాలి మైదానాల్లో గుడ్డ నీడ

అమెరికాలో ఆర్వీ అంటే మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ అమర్చిన బండి. కొన్నిటికి సొంత ఇంజను ఉంటుంది, కొన్నిటిని ట్రక్కు వెనక తగిలించి లాక్కెళతారు. దాని పక్కగోడ పైఅంచున చుట్టి ఉండే గుడ్డ చూరును ఆనింగ్ అంటారు. క్యాంపు స్థలంలో బండి ఆపి దాన్ని ఏడెనిమిది అడుగులు ముందుకు విప్పితే తలుపు ముందు వసారా సిద్ధమవుతుంది. వంటా, భోజనమూ, సాయంత్రపు కబుర్లూ ఆ నీడలోనే. ఆర్వీ మొత్తంలో గాలికి అన్నిటికంటే ముందు దెబ్బతినేదీ అదే. గట్టి విసురు తగిలితే గుడ్డ చిరుగుతుంది, దాన్ని మోసే లోహపు చేతులు వంగుతాయి, ఒక్కోసారి గోడకు బిగించిన పట్టీ ఊడి గోడ రేకు కూడా చీలుతుంది. ఆ దేశంలో ప్రయాణికుల గుడ్డకూ మైదానాల గాలికీ మధ్య పోరు దాదాపు రెండు శతాబ్దాలుగా సాగుతోంది. నేటి జాగ్రత్తల మూలాలు ఆ చరిత్రలోనే ఉన్నాయి.

రాకీ పర్వతాలకు తూర్పున, ఉత్తర దక్షిణాలుగా పరచుకున్న మహామైదానాలు గాలికి అడ్డులేని నేల. అక్కడ తరతరాలుగా బతికిన లకోటా, షయెన్ వంటి ఆదివాసీ జాతులు తమ టిపీ డేరాలను ఆ గాలిని ఎరిగి కట్టుకున్నాయి. టిపీ సరిసమానమైన శంకువు కాదు. వెనక వైపు నిటారుగా, ముందు వైపు ఏటవాలుగా ఉంటుంది. వీపును పడమటి గాలికి పెట్టి వాకిలిని తూర్పుకు తెరిచేవారు. గాలి పెరిగితే కర్రలు కలిసే చోటి నుంచి తాడు దించి, డేరా నడుమ నేలలో దిగ్గొట్టిన మేకుకు కట్టేవారు.

1840ల నుంచి ఆరెగాన్ బాట పట్టిన వలస కుటుంబాలకు ఈ అనుభవం లేదు. మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ వంటి పట్టణాల నుంచి ఆరెగాన్‌కు సుమారు 3,200 కిలోమీటర్లు. దారి మొత్తం గడవడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టేది. వారి గూడు బండ్లకు వంచిన కర్రబద్దల మీద అవిసె నూనె పట్టించిన గుడ్డ కప్పి, ముందూ వెనకా తాడు లాగి మూసేవారు. వసంతంలో బయల్దేరిన గుంపులు నెబ్రాస్కాలో ప్లాట్ నది వెంట సాగే వేళకు ఉరుముల వానల కాలం వచ్చేది. రాత్రి గాలివానకు డేరాలు కూలి, పరుపులూ పిండిబస్తాలూ తడిసిన సంగతులు ఆ వలసదారుల డైరీల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఆ కాలంలో ముందస్తు హెచ్చరిక అనేది లేదు. 1870లో అధ్యక్షుడు గ్రాంట్ సంతకంతో సైన్యం చేతుల మీదుగా జాతీయ వాతావరణ పరిశీలన మొదలైంది. 1891లో అది పౌర శాఖగా మారింది. నేటి నేషనల్ వెదర్ సర్వీస్ దాని వారసురాలే.

1908లో ఫోర్డ్ మోడల్ టి వచ్చాక గుడ్డ నీడ కారెక్కింది. డేరా గుడ్డ ఒక అంచును కారు పైకప్పుకు కట్టి, రెండో అంచును రెండు కర్రల మీద నిలిపి మేకులకు బిగించడం 1910, 20 దశకాల్లో మామూలైంది. నేటి ఆనింగ్‌కు పూర్వరూపం ఇదే. 1910లో పియర్స్-యారో సంస్థ పడుకునే ఏర్పాటున్న కారును న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రదర్శించింది. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో టిన్ క్యాన్ టూరిస్ట్స్ అనే క్యాంపింగ్ సంఘం పుట్టింది. హెన్రీ ఫోర్డ్, థామస్ ఎడిసన్, హార్వీ ఫైర్‌స్టోన్ కలిసి చేసిన డేరా యాత్రలకు పత్రికల్లో గొప్ప ప్రచారం దక్కింది. సరదా యాత్రలకు వాడిన ఆ గుడ్డే 1930లలో దిక్కులేనివారికి ఇల్లయింది. కరవుతో, లోతు దుక్కితో వదులైన మట్టిని గాలి ఎత్తుకుపోయింది. 1935 ఏప్రిల్ 14న ఓక్లహోమా, టెక్సాస్ ప్రాంతాలను ధూళి తుఫాను పట్టపగలే చీకటి చేసింది. బతుకు కోసం కాలిఫోర్నియా దారి పట్టిన కుటుంబాలు రోడ్ల పక్కన కార్లకు గుడ్డలు కట్టుకుని కాలం గడిపాయి.

1956 చట్టంతో దేశమంతటా అంతర్రాష్ట్ర రహదారులు పరచుకున్నాయి. 1960లలో అయోవాలోని విన్నెబేగో వంటి సంస్థలు మోటారు ఇళ్లను మధ్యతరగతికి అందుబాటులోకి తెచ్చాయి. ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ పరిసరాలు ఆర్వీ తయారీకి కేంద్రమయ్యాయి. కర్రలూ మేకులూ పోయి, స్ప్రింగు బిగించిన గొట్టానికి గుడ్డ తనంతట తానే చుట్టుకునే ఏర్పాటు వ్యాపించింది. ఆ తర్వాత మోటారు వచ్చింది. బటన్ నొక్కితే విచ్చుకునే సౌకర్యంతో పాటు, దాన్ని గాలిలో అలాగే వదిలేసే అలవాటూ వచ్చింది.

గాలి వేగం రెండింతలైతే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. పదహారు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు ఉన్న గుడ్డ మీద గంటకు 32 కిలోమీటర్ల గాలి పూర్తిగా తగిలితే సుమారు 60 కిలోల బలం పడుతుంది. 64 కిలోమీటర్లయితే అది 240 కిలోలకు చేరువవుతుంది. విప్పిన ఆనింగ్ తెరచాప వంటిదే, కానీ దాన్ని మోసేది ఓడ కొయ్య కాదు, రెండు సన్నని అల్యూమినియం చేతులు. గాలి కింద నుంచి దూరి గుడ్డను పైకెత్తడం అన్నిటికన్నా ప్రమాదకరం. అప్పుడు మొత్తం చట్రం తిరగబడి బండి కప్పు మీద పడుతుంది. పక్కన నిలబడ్డ మనుషులకూ గాయాలవుతాయి. అంత బలం లేని గాలి కూడా గుడ్డను గంటల తరబడి టపటపలాడించి కుట్లను తెంపుతుంది. వాన మరో రకం బరువు. అదే గుడ్డ మీద అంగుళం నీరు నిలిస్తే దాదాపు 300 కిలోలు.

ఈ గాలులు ప్రాంతాన్ని బట్టి మారతాయి. మైదానాల్లో వేసవి సాయంత్రాల ఉరుముల మబ్బు నుంచి కిందికి దిగిన చల్లగాలి నేలను తాకి నలుదిక్కులా పరుగెడుతుంది. వాన ఇంకా మైళ్ల దూరంలో ఉండగానే, అప్పటిదాకా నిశ్చలంగా ఉన్న క్యాంపును అది చేరుతుంది. గంటకు 93 కిలోమీటర్ల విసురు ఉంటే వాతావరణ శాఖ దాన్ని తీవ్రమైన గాలివానగా లెక్కిస్తుంది. 2020 ఆగస్టు 10న అయోవా మీదుగా సాగిన డెరేచో అనే సుదీర్ఘ గాలివానలో వేగం 160 కిలోమీటర్లు దాటింది. ఆరిజోనాలో వేసవి వానల కాలంలో ధూళి గోడలు కదిలి వస్తాయి. దక్షిణ కాలిఫోర్నియాలో ఎడారి వైపు నుంచి సాంటా ఆనా గాలులు వీస్తాయి. వయోమింగ్‌లో ఐ-80 రహదారిని ఈదురుగాలుల రోజుల్లో తేలికైన ఎత్తు బండ్లకు మూసేస్తారు.

కాబట్టి ఆనింగ్ రక్షణ బండి ఆపే క్షణంలోనే మొదలవుతుంది. అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. అందుకే ఆర్వీ తలుపూ ఆనింగూ సాధారణంగా కుడి పక్కనే ఉంటాయి. పడమటి గాలి ఉన్నచోట బండి ముక్కు ఉత్తరానికి ఉండేలా ఆపితే ఆనింగ్ తూర్పున, గాలి మరుగున పడుతుంది. మధ్యాహ్నం దాటాక బండి నీడా అటే వస్తుంది. టిపీ వాకిలి తూర్పుకు ఉండటంలోని తెలివే ఇక్కడా పనిచేస్తుంది.

విప్పిన తర్వాత ఒక చివరను రెండో చివర కన్నా దించి ఉంచాలి, అప్పుడు నీరు నిలవదు. గుడ్డ అంచులను చేతులకు బిగించే క్లిప్పులు టపటపను తగ్గిస్తాయి. చేత్తో విప్పే ఆనింగ్‌ల గొట్టం రెండు చివరల నుంచి పట్టీలు దించి నేలకు బిగించవచ్చు. పట్టీ మధ్యలో స్ప్రింగు ఉంటే విసురు నేరుగా చట్రానికి తగలదు. ఇసుక నేలలో మామూలు మేకు నిలవదు, మరలాగా తిప్పి దించే మేకు కావాలి. భూమిలో కరెంటు తీగలూ నీటి గొట్టాలూ ఉన్నందువల్ల కొన్ని క్యాంపుల్లో మేకులు దిగ్గొట్టడం నిషేధం, ముందుగా అడిగి తెలుసుకోవాలి. మోటారు ఆనింగ్‌లలో కొన్ని నేలకు కట్టడానికి అనువైనవి కావు, తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఏముందో చూడాలి. గుడ్డ కదలికను పసిగట్టి తానే చుట్టేసే సెన్సర్లు ఉన్నాయి కానీ, మొదటి విసురే బలమైనదైతే అవి స్పందించేలోపే నష్టం జరుగుతుంది.

పట్టీలూ క్లిప్పులూ చిరుగాలికే పనికొస్తాయి. గట్టి గాలికి ఆనింగ్ చుట్టేయడం ఒక్కటే రక్ష. దుమ్మూ కాగితాలూ లేస్తుంటే గాలి గంటకు 20 నుంచి 28 కిలోమీటర్లు ఉన్నట్టు, అది సిద్ధం కావలసిన సమయం. చిన్న చెట్లు ఊగుతుంటే 29 దాటినట్టు, అప్పటికి ఆనింగ్ మూసి ఉండాలి. నిద్రపోయే ముందూ, క్యాంపు వదిలి బయటికి వెళ్లే ముందూ ఆకాశం ఎంత ప్రశాంతంగా ఉన్నా చుట్టేయాలి. ఫోన్ సిగ్నల్ అందని పార్కుల్లో వాతావరణ శాఖ నడిపే నోవా వెదర్ రేడియో హెచ్చరికలు వినిపిస్తుంది. తడి గుడ్డను చుట్టక తప్పకపోతే, వాన తగ్గాక మళ్లీ విప్పి ఆరబెట్టాలి, లేకపోతే బూజు పడుతుంది. ప్రయాణానికి ముందు చేతుల తాళాలు వేసి, పట్టీతో బిగించాలి. రహదారి వేగానికి ఆనింగ్ విచ్చుకుంటే వెనక వచ్చేవారికీ ముప్పే.

తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన డాలస్ పరిసరాలు ఈ గాలి మైదానాల అంచున ఉన్నాయి. అక్కడి నుంచి అద్దె ఆర్వీలో వెళ్లే కుటుంబాలు ఒప్పందాన్ని ముందే చదువుకోవడం మంచిది. ఆనింగ్ దెబ్బతింటే ఖర్చు అద్దెకు తీసుకున్నవారిదే అనే షరతు తరచుగా ఉంటుంది. గాలి నష్టానికి తయారీదారుల హామీ కూడా సాధారణంగా వర్తించదు. బండి తీసుకునేటప్పుడు ఆనింగ్‌ను విప్పించి, చుట్టించి, మోటారు మొరాయిస్తే చేత్తో చుట్టే పద్ధతిని ఇంట్లో ఇద్దరైనా నేర్చుకోవాలి.