ఎడారిలో సముద్రం

మా ఇంట్లో ఒక చిన్న పగడాల తొట్టె ఉంది. ఓసారి పగడాలు పెరగడం మానేశాయి. కాల్షియం చూస్తే లీటరుకి 420 మిల్లీగ్రాములు. సముద్రంలో ఉన్నంతే ఉంది! లోపమల్లా ఆల్కలినిటీలో. అంటే ముఖ్యంగా నీటిలోని బైకార్బొనేట్, కార్బొనేట్ల నిల్వన్నమాట. పగడం తన గూడు కట్టుకునేది కాల్షియం కార్బొనేట్‌తో. ఇటుకలుండి సిమెంటు లేకపోతే గోడ లేస్తుందా?

ఈ లెక్కకి అమెరికాలో ఓ చరిత్ర ఉంది. 1991 సెప్టెంబరు 26న అరిజోనా ఎడారిలో, బయోస్ఫియర్ 2 అనే గాజు మేడలో ఎనిమిది మంది తలుపులు మూసుకుని రెండేళ్ళు ఉన్నారు. లోపల సుమారు 7 లక్షల గ్యాలన్ల సముద్రం, అందులో పగడాల దిబ్బ. మేడలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే నీటిలో కార్బొనేట్ తగ్గేది. సోడా లవణాలు కలిపి నిలబెట్టుకొచ్చారు.

1996లో కొలంబియా విశ్వవిద్యాలయం నిర్వహణ చేపట్టాక, క్రిస్ లాంగ్డన్ బృందం అదే నీటిలో ఈ పాళ్ళు మార్చి మార్చి చూసింది. 2000లో ఫలితం అచ్చయింది: కాల్షియం, కార్బొనేట్‌ల లబ్ధం ఎంత తగ్గితే, దిబ్బ సున్నం కట్టే వేగం కూడా ఆ మేరకు తగ్గుతుంది.

మన కార్ల పొగ సముద్రాల్లో చేస్తున్నదీ ఇదే. మా తొట్టెని రోజుకి కాస్త వంటసోడాతో సరిచేసుకున్నాను. సముద్రానికి సరిపడే చెంచా ఎవరి దగ్గరుంది?

టక్సన్ వైపు వెళితే పిల్లలకి ఆ మేడ చూపించండి. సెలవు.