రేనాటి నక్షత్రదీపములు

డిసెంబరు నెల నడుమ, చీకటి ముసరి చలి దిగు వేళ, సంజామల చుట్టుప్రక్కల పల్లెల మీదుగా ప్రయాణము చేయువారికి ఒక వేడుక కనబడును. ఇరుప్రక్కల నల్లరేగడి చేలు చీకటిలో కలిసిపోవును. పల్లెలు దూరదూరముగా దీపపు చుక్కలై తోచును. ఆ చుక్కలలో కొన్ని మాత్రము ఐదు కోణములతో, ఎఱ్ఱగానో పచ్చగానో, తక్కిన దీపముల కంటె ఎత్తున వెలుగుచుండును. అవి క్రైస్తవుల ఇండ్లపై గడలకు కట్టిన నక్షత్రదీపములు. ఒక్కొక్క పల్లెలో అట్టివి నాలుగైదు, ఒక్కొక్క దానిలో నలుబది యేబది. పల్లె మొత్తములో అవి ఒక్క దిక్కుననే గుమిగూడి యుండుటయు గమనింపవచ్చును. ఆ దిక్కే పేట. ఈ ప్రసంగము ఆ పేటలోని దీపములను గూర్చినది.

దీపాలంకరణమునకు పేరుపడిన వీధి యనగానే నేటి పిల్లలకు అమెరికా జ్ఞాపకము వచ్చును. అక్కడ కాపురమున్న మన తెలుగు కుటుంబములవారు క్రిస్మసు సెలవులలో పిల్లలను కారులో నెక్కించుకొని, అలంకరించిన వీధులన్నియు త్రిప్పి చూపి, ఫొటోలు ఇంటికి పంపుచుందురు. మా బంధువుల ఇంటనే అట్టి ఫొటోలు చూచితిని. ఇంటి కప్పు, ప్రహరి, చెట్టు కొమ్మలు, ఒక్కటియు విడువక దీపముల తోరణములు. చూచుటకు బాగున్నది. అయితే ఆ వేడుక మనమనుకొనునంత పాతదికాదు.

జర్మనీ దేశములో చెట్టునకు క్రొవ్వొత్తులు గ్రుచ్చి వెలిగించుట పాత ఆచారము. విక్టోరియా రాణి కుటుంబము అట్టి చెట్టు చుట్టు నిలిచిన చిత్రమొకటి 1848లో లండను పత్రికలో అచ్చుపడగా, ఆ ఆచారము ఇంగ్లండున ఇంటింటికి ప్రాకినది. ఎండిన ఆకులకును మండు ఒత్తులకును స్నేహమెట్లు కుదురును? ప్రక్కన నీళ్ల బకెట్టు పెట్టుకొని పండుగ చేసికొనువారు. 1882 డిసెంబరులో న్యూయార్కు నగరమున ఎడిసనుగారి సహచరుడు ఎడ్వర్డు జాన్సను తన ఇంటి చెట్టునకు ఎఱుపు, తెలుపు, నీలము రంగులు గల 80 చిన్న విద్యుద్దీపములు అమర్చి, చెట్టు తనంతట తాను తిరుగునట్లు ఏర్పాటు చేసెను. అది ఇంటిలోపలి ముచ్చట. వీధికి వీధినే వెలిగించుట అమెరికాలో మొదట పేరుపొందిన చోటు కాలిఫోర్నియాలోని ఆల్టడీనా. అక్కడ 1885లో నాటిన చెట్ల వరుస యొకటి కలదు. 1920లో ఆ ఊరివారు ఆ చెట్లకు దీపములు తగిలించిరి. నాటి నుండి ఆ వీధికి క్రిస్మసు చెట్ల వీధి యనియే పేరు. ఇందులో మనకు పనికివచ్చు మాట ఒకటున్నది. ఆ చెట్లు మన దేవదారులు. విత్తనములు ఇటలీ నుండి తెప్పించిరి గాని జాతి హిమాలయములది. 2025 జనవరిలో చెలరేగిన కార్చిచ్చు ఆ ఊరిలో వేలకొలది ఇండ్లను బూడిద చేసినది. దేవదారులు మాత్రము చాలవరకు నిలిచినవి.

మన రేనాటికి దేవదారు లేదు. ఉన్నది వెదురు బద్ద, రంగు కాగితము, మైదాపిండి ఉడికించిన జిగురు. రెండు త్రికోణముల నడుమ పుల్లలు నిలిపియో, ఐదు కోణముల చట్రములు రెండు ఎదురెదురుగా కట్టి నడుమ ఉబ్బునట్లు ఆనించియో, దానిపై కాగితము అతికించి, లోపల దీపముంచుదురు. యేసు జన్మించినపుడు తూర్పు దేశపు జ్ఞానులకు దారి చూపిన చుక్క కథ మత్తయి సువార్తలో నున్నది. ఆ చుక్కకే ఈ గుర్తు. జర్మనీలోని నీస్కీ అను ఊరి మొరేవియను బడిలో 1830ల ప్రాంతమున పిల్లలకు క్షేత్రగణితము నేర్పుటకు కాగితపు నక్షత్రము చేయించిరట. తరువాత అది పండుగ దీపమై, 1897 నుండి అమ్మకమునకే తయారగుచు వచ్చినది. దానికి ఇరువదియైదు ముక్కులు. మనవాని ఐదు కోణములను చూచినపుడు నాకు జర్మనీ కంటె మన కార్తికమాసపు ఆకాశదీపమే ముందుగా తోచును. గడ నాటి, దాని కొనకు దీపము కట్టి, త్రాటితో పైకి లాగు పద్ధతి రెండింటను ఒక్కటే. కార్తికము వెళ్లిన కొద్దినాళ్లకే డిసెంబరు వచ్చును. ఒక ఇంటి గడ దిగినదో లేదో ఇంకొక ఇంటి గడ లేచును. ఇది నా ఊహ. కాని పల్లెలో నిలిచి చూచినవారికి కాదనుట కష్టము.

ఈ నక్షత్రము రేనాటి పేటలకు ఎట్లు చేరినదను కథ ఇంతకంటె పెద్దది. 1800లో నిజాము ఈ సీమను కంపెనీవారికి దత్తము చేసెను. లండను మిషను వారు 1810లో బళ్లారిలోను, 1822లో కడపలోను కాలూనిరి. నాడు కోవెలకుంట్ల తాలూకా కడప జిల్లాలోనిది. సంజామల మండలములోని నొస్సము పాలెగాండ్ర కోట గల ఊరు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు చేయగా, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయనను ఉరితీసిరి. ఆయన తలను కోట గుమ్మమున ఏండ్ల తరబడి వ్రేలాడదీసిరని ఈ సీమలో ముసలివారు నేటికిని చెప్పుదురు. ఆ జ్ఞాపకము పచ్చిగా నున్న పదేండ్లలోపలనే, అదే తెల్లజాతివారు కొందఱు చేత బైబిలు పట్టుకొని ఆళ్లగడ్డ ప్రక్కనున్న ముత్యాలపాడునకు వచ్చి కాపురముండిరి. 1701లో ఇంగ్లండున స్థాపితమైన ఎస్.పి.జి. మిషను వారు వీరు. జాన్ క్లే అను పాదిరి ముత్యాలపాటిని కేంద్రము చేసికొని చుట్టుప్రక్కల పల్లెలలో చాలకాలము పని చేసెను. 1858లో కోవెలకుంట్ల తాలూకా కర్నూలు జిల్లాలో చేరినది. 1884లో ఎస్.పి.జి. వారు నంద్యాలలో ఉపాధ్యాయ శిక్షణశాల పెట్టిరి. పేటకు బడి, బడికి పంతులు, పంతులుకు జీతము అను వరుస అక్కడినుండి సాగినది.

తెల్లదొరను ఊరిలోని పెద్దలు అనుమానముతో చూచిరి. పేటలోనివారు అట్లు చూడలేదు. చూచుటకు వారికి తీరిక యెక్కడిది? ఊరబావి నీరు వారికి లేదు, గుడి మెట్టు లేదు, బడి అరుగు లేదు. అట్టివాని వాకిటికి ఒకడు వచ్చి, క్రింద కూర్చుండి, పేరుపెట్టి పిలిచి మాటాడుటయే మొదటి వింత. ధాత కఱవు వచ్చుటతో ఆ పరిచయము గట్టిపడినది. 1876 మొదలు 1878 వఱకు వానలు లేక, గింజలు లేక రాయలసీమ మాడిపోయినది. కర్నూలు జిల్లా జనసంఖ్య 1871లో 9 లక్షల 14 వేలు. 1881 నాటికి అది 6 లక్షల 78 వేలు. నలుగురిలో ఒకడు లేకుండ పోయెనన్నమాట. కొందఱు చచ్చిరి, కొందఱు దేశాంతరము పోయిరి. ఆ ఏండ్లలోను, ఆ పిదపను తెలుగు దేశమంతట పేటలకు పేటలే క్రైస్తవ మతములో చేరినవి. 1878 జూలై 3న ఒంగోలు సీమలో ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. గంజి కొఱకు చేరిరని ఎగతాళి చేసినవారు అప్పుడును కలరు, ఇప్పుడును కలరు. గంజి పోయవలసిన తక్కినవారు పోయకుండుటను గూర్చి వారు మాటాడరు. అదియునుగాక, కఱవు తీరిన పిమ్మట కూడ చేరినవారు చాలమంది నిలిచియే యున్నారు గదా.

పండుగ అట్లు వచ్చినది. దీపము మాత్రము అంత సులభముగా రాలేదు.

కడచిన డిసెంబరులో సంజామలకు కొలది దూరముననున్న ఒక పల్లెకు పోయితిని. పేరు చెప్పనక్కఱలేదు, రేనాటి పల్లెలు చాలవఱకు ఇట్లే యుండును. ఊరిలో మట్టిమిద్దెలు, కొత్తగా కట్టిన సిమెంటు ఇండ్లు. ఊరు దాటిన పిమ్మట వంక, వంక దాటిన పిమ్మట పేట. ఒకప్పుడు అక్కడ బోదకొట్టములు. ఇప్పుడు ప్రభుత్వము వారు కట్టించిన పక్కా ఇండ్లు. ఇంటింటికి నక్షత్రము, గోడల వెంట మినుకు మినుకుమను సీరియలు దీపములు. చిన్న చర్చి శిఖరము పైనుండి నాలుగు దిక్కులకు దీపముల తీగలు దించినారు. పిల్లలు ఒక మూల గడ్డితో పాక కట్టి, మట్టిబొమ్మలు నిలిపి, బొమ్మలలో తమ ఇంటి ఎద్దునుగూడ చేర్చినారు. ఊరిలోనివారు కుటుంబములతో వచ్చి చూచి పోవుచుండిరి. ఒక రెడ్డిగారి కోడలు పిల్లవానిని చంకనెత్తుకొని నక్షత్రము చూపించుచుండెను.

ఎనుబది దాటిన ఒక పెద్దాయన ప్రక్కన అరుగుమీద కూర్చుంటిని. పాత సంగతులడుగగా ఆయన నవ్వి, “అప్పట్లో మాకు కరెంటు యాడిది సామీ! ఊర్లోకి తంబాలు వచ్చినాక ఎన్నేండ్లకో పేటకొచ్చె. లాంతరు లోపల పెట్టి కడ్తాంటిమి. గాలి కొడ్తే కాగితం అంటుకునేది. ఒక పండక్కి మూడు చుక్కలు కాలిపాయె,” అనెను. కొట్టము కప్పు బోద. నిప్పురవ్వ పడిన పేటకు పేటయే లేచిపోవును. అందువలన రాత్రి వంతులవారీగా ఇద్దఱు మేలుకొని నక్షత్రమును కాపాడువారట. పెట్రోమాక్సు దీపము ఊరికంతటికి ఒక్కటే. అది పెండ్లిండ్లకు అద్దెకిచ్చునది. పండుగ రాత్రి ఆరాధనకు దానిని అద్దెకు తెచ్చుటకు ఇంటికింత అని చందా వేసికొనువారట.

నేను అంతటితో లేవబోగా ఆయన ఇంకొక మాట చెప్పెను. మొదట చాల ఏండ్లు గడను మిద్దెల ఎత్తునకు మించనిచ్చువారు కారట. పేట దీపము ఊరి దీపము కంటె పైన నుండరాదని ఊరి పెద్దల మాట. వ్రాతపూర్వకమైన ఆజ్ఞ యేమియు లేదు; అట్టివానికి వ్రాత అక్కఱలేదు గదా. కొట్టము చూరుకే కట్టి, వాకిటిలో నిలిచినవారికి తప్ప కనబడకుండ పండుగ గడుపువారు. “ఒక యేడు మా నాయన వాళ్లు చింతమాను కొనకు కట్టిరి. తెల్లార్లూ ఎవరన్నా వస్తారేమోనని కూచున్యారు. ఎవరూ రాలే,” అనెను. ఏ యేడాది అని అడిగితిని. ఆయనకు సరిగా జ్ఞాపకము లేదు. తాను లాగు తొడుగుకొని బడికి పోవు నాటి మాట యని మాత్రము చెప్పెను. చింతమాను ఇప్పుడు లేదు. ఆ చోటనే చర్చి కట్టినారు.

డోర్నకల్లును గూర్చి ఇక్కడ కొంచెము చెప్పవలెను. 1912 డిసెంబరు 29న వేదనాయకము సామ్యూలు అజరయ్యగారు బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘములో ఆ పదవి నందుకొన్న మొదటి భారతీయుడాయన. పండుగలు, పాటలు, కట్టడములు ఈ దేశపు తీరుననే యుండవలెనని ఆయన పట్టుదల. డోర్నకల్లు కతీడ్రలు చూచినవారు ఈ మాట ఒప్పుకొందురు. గుడి స్తంభములు, మసీదు గుమ్మటములు అందులో కలిసి యున్నవి. ఆ దేవాలయమును 1939 జనవరి 6న ప్రతిష్ఠించిరి. జనవరి 6 జ్ఞానులు నక్షత్రము వెంట వచ్చి చేరిన పండుగ దినము. ఆ పండుగ పేరే ఆ దేవాలయమునకు పెట్టిరి.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినపుడు నంద్యాల సీమలో పెద్ద చీలిక వచ్చినది. ఎస్.పి.జి. సంఘములలో ఒక భాగము ఐక్యతకు ఒప్పుకొనక వెలుపలనే నిలిచిపోయెను. ఆ తగవు కొన్ని దశాబ్దములు సాగినది. అన్నదమ్ములు వేర్వేఱు సంఘములలో నుండిన ఇండ్లు కలవు. ఆ వాదములలో న్యాయము ఎవరిదో నిర్ణయించుట నా పని కాదు. డిసెంబరులో రెండు పక్షముల ఇండ్లపైనను ఎగిరినది ఆ ఐదు కోణముల కాగితపు చుక్కయే.

ఇప్పుడు పరిస్థితి చాల మాఱినది. 2016లో ఎఱ్ఱగుంట్ల–నంద్యాల రైలు మార్గము పూర్తియై సంజామలకు స్టేషను వచ్చినది. 2022 ఏప్రిలు 4న నంద్యాల జిల్లా ఏర్పడినది. నంద్యాల బజారులో ప్లాస్టిక్కు నక్షత్రములు మడతపెట్టి అమ్ముచున్నారు. విప్పి బల్బు తగిలించిన చాలును. కాలుట లేదు, కావలి లేదు. పిల్లలకు వెదురు బద్ద చీల్చుట రాదు. నాకు అందులో కొంత చింత కలదు గాని, కాగితము కాలిపోవునని తెల్లవార్లు మేలుకొన్నవారి యెదుట ఆ చింత వెలిబుచ్చుటకు నోరాడలేదు.

పెద్దాయన ఇంటి మీద మాత్రము వెదురు నక్షత్రమే యున్నది. ఆయన మనుమడు కట్టినాడు. లోపల బల్బు, పైన ఎఱ్ఱ కాగితము, ఒక కోణమున చిరుగునకు అతికించిన పచ్చ ముక్క. జనవరి 6 దాటగానే దానిని దించి, కాగితము చించివేసి, చట్రమును మాత్రము చూరులో దోపుదురట. మరుసటి యేడు క్రొత్త కాగితము వేయుటకు.