తోళ్ళ శుద్ధి: మన జిల్లాలో ఒక ఇంటి వృత్తి, దాని వెనుక ఆరోగ్య చరిత్ర

మేకతోలునో గొర్రెతోలునో ఇంటివద్దనే శుద్ధి చేసి, సంచులు, బెల్టులు తయారుచేసి అమ్మవచ్చునా అని అడిగేవారు ఈమధ్య కనిపిస్తున్నారు. కొందరికి అది సరదా, మరికొందరికి చిన్న ఉపాధి. ప్రశ్న కొత్తగా వినిపించినా పని కొత్తది కాదు. వంద సంవత్సరాల క్రితం చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పల్లెల్లో తోలుపని ఇంటిపనే. అయితే ఆ పని చేసిన కుటుంబాలకు అది సరదా కాదు. కులం పేరిట వారిపై మోపిన విధి. అందులోని నైపుణ్యం ఏమిటి, ప్రమాదం ఏమిటి, ఆ ప్రమాదాన్ని ఎవరు భరించారు అన్న మూడు విషయాలు తెలిస్తే తప్ప ఈ ప్రశ్నకు సరైన సమాధానం దొరకదు. కనుక ముందు చరిత్ర చెప్పి, తరువాత వైద్యపరమైన జాగ్రత్తలకు వస్తాను.

కపిల బావుల కాలం

విద్యుత్ మోటార్లు రాకముందు రాయలసీమలో బావి సేద్యం కపిలపై ఆధారపడి ఉండేది. ఎద్దులు ఏటవాలు దారిలో ముందుకు వెనుకకు నడుస్తుంటే బావిలోని నీరు బానలో పైకి వచ్చి, తోలు తొండం గుండా కాలువలోకి పారేది. ఆ తొండం, ఎద్దుల మెడపట్టెడలు, రైతుల చెప్పులు, గంగ జాతరలో మ్రోగే పలక, ఇవన్నీ మాదిగ కుటుంబాల చేతులలో తయారయ్యేవి. ఇందుకు రైతు పంట కాలంలో ధాన్యం రూపంలో మేర కొలిచేవాడు.

ఈ ఏర్పాటులో ఒక ముఖ్యాంశాన్ని గమనించాలి. పల్లెకు తోలు వచ్చేది చాలావరకు కోసిన పశువు నుండి కాదు, చచ్చిన పశువు నుండి. కళేబరాన్ని ఊరినుండి తొలగించి, తోలు ఒలిచి, శుద్ధి చేసే పని ఒకే వర్గానిది. పశువు ఏ రోగంతో చచ్చిందో విచారించే అవకాశం వారికి లేదు. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. దీని ప్రాముఖ్యం కొంతసేపటిలో తెలుస్తుంది.

అలిపిరి పాదాల మండపంలో శ్రీవారి పాదరక్షలను తలపై ఉంచుకొని ప్రదక్షిణం చేసే భక్తులను మీలో చాలామంది చూసే ఉంటారు. పాదరక్షను అంతగా గౌరవించిన సమాజమే దానిని కుట్టిన మనిషిని ఊరి వెలుపల నివసించమన్నది. తోళ్ళు నానవేసే లంద నుండి వచ్చే దుర్వాసనను అందుకు ఒక సాకుగా చూపింది.

తంగేడు, కరక్కాయ

పచ్చితోలులో ఎక్కువ భాగం నీరు. మిగిలిన దానిలో ప్రధానమైనది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. మన చర్మానికి, ఎముకలకు, కీళ్ళ బంధనాలకు గట్టిదనాన్ని ఇచ్చేది కూడా ఇదే. తేమ ఉన్నంతకాలం సూక్ష్మజీవులు దీనిని ఆహారంగా చేసుకొని తోలును కుళ్ళబెడతాయి. నీటిని పూర్తిగా తీసివేస్తే తోలు అట్టవలె గట్టిపడి, తడి తగలగానే మళ్ళీ కుళ్ళుతుంది. కుళ్ళకుండా, మెత్తదనం పోకుండా ఉంచడమే తోళ్ళ శుద్ధిలోని రహస్యం.

ఆ రహస్యం మన కొండలలోనూ బీళ్ళలోనూ ఉంది. సంక్రాంతి ముగ్గులలో గొబ్బెమ్మల మీద పచ్చగా మెరిసే తంగేటి పూలు మీకు తెలిసినవే. ఆ మొక్క బెరడులో 15 నుండి 20 శాతం వరకు టానిన్ అనే పదార్థం ఉంటుంది. కరక్కాయలోనూ అది సమృద్ధిగా ఉంది. కరక్కాయ ముక్కను నమిలినప్పుడు నోరు పట్టేసినట్లవుతుంది కదా? టానిన్ మన లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకొని బిగించడం వల్లనే ఆ వగరు తెలుస్తుంది. లందలో జరిగేదీ అటువంటిదే. టానిన్ కొల్లాజెన్ పోగుల మధ్యకు చేరి, నీరున్న చోటును ఆక్రమించి, పోగులను ఒకదానితో ఒకటి కట్టివేస్తుంది. అటుపిమ్మట సూక్ష్మజీవులకు ఆ తోలు సులభంగా జీర్ణం కాదు.

పాత పద్ధతి క్రమం ఇది. ముందు తోలును నీటిలో నానబెట్టి రక్తం, మురికి పోయేలా కడుగుతారు. తరువాత కొన్ని రోజులు సున్నపునీటిలో ఉంచితే వెంట్రుకల కుదుళ్ళు వదులవుతాయి. వెంట్రుకలను ఒకవైపు, మిగిలిన మాంసాన్ని మరొకవైపు గీకివేసి, సున్నం పోయేవరకు కడుగుతారు. అప్పుడు తంగేటి చెక్క కషాయంలో వేస్తారు. మొదట పలుచని కషాయం, క్రమంగా చిక్కనిది. మొదటే చిక్కని కషాయంలో వేస్తే పైపొర బిగిసి లోపలికి టానిన్ చేరదు. వారాల తరబడి ఓపిక పట్టాలి. చివరగా కరక్కాయ నీటిలో ఉంచి, నూనె పట్టించి, నీడలో ఆరబెడతారు. తంగేడుతో మాత్రమే శుద్ధి చేసిన తోలు వెలుతురు తగిలి ఎర్రబడుతుంది. కరక్కాయ దానిని నివారిస్తుంది. రసాయనశాస్త్రం పేరు వినని పనివారు అనుభవంతో సాధించిన జ్ఞానమిది.

మన రాయలసీమలోనే దీనికి భిన్నమైన మరొక ఇంటి వృత్తి నేటికీ బ్రతికి ఉంది. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలును శుభ్రపరచి, వెంట్రుకలు గీకి, బిగించి ఆరబెడతారు. అక్కడ టానిన్ వాడరు, ఎందుకంటే దీపపు వెలుగు బొమ్మ గుండా కనబడాలి. ఆ గ్రామపు కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించింది. బొమ్మలాటకు ఆదరణ తగ్గినా తోలు దీపాలు, అలంకరణ వస్తువులు ఆ కుటుంబాలకు ఉపాధిగా మారాయి.

లంద నుండి టానరీకి

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి, తిరుపతి ప్రాంతాలు, నేడు తమిళనాడులో ఉన్న రాణిపేట, అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. పంతొమ్మిదవ శతాబ్దిలో తంగేటి చెక్కతో శుద్ధి చేసిన మద్రాసు తోళ్ళు ‘ఈస్ట్ ఇండియా కిప్స్’ అనే పేరుతో ఓడలలో లండను చేరాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్లకు పైతోలుగా ఇవే ఉపయోగపడ్డాయి. పల్లెలో లంద చేసే పని పట్టణపు టానరీకి తరలింది. లాభం వర్తకునికి చేరింది. ఒలిచే పని, గీకే పని మాత్రం పాత చేతులలోనే మిగిలాయి.

1903లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో క్రోమియం లవణాలతో తోలును శుద్ధి చేసే ప్రయోగాలు ప్రారంభించాడు. నీటికి తట్టుకొనే ఈ తోలు కపిల బానలకు అనువుగా ఉంటుందన్నది అప్పటి ఆశలలో ఒకటి. వారాలు పట్టే పని క్రోమియంతో రోజులలో ముగుస్తుంది. 1948లో మద్రాసులో కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థ వెలసింది. గుంటూరు జిల్లా యలవర్రులో జన్మించిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ గారు 1958 నుండి 1971 వరకు దానికి సారథ్యం వహించి, తోలు పనిని గౌరవప్రదమైన శాస్త్రంగా నిలిపారు. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో ఆయనను కోల్పోయాము.

వేగానికి మూల్యం కూడా ఉంది. మన కుప్పం ప్రాంతం గుండా ప్రవహించి తమిళనాడులో ప్రవేశించే పాలారు నది ఆ రాష్ట్రంలో టానరీల వ్యర్థాలతో పాడైంది. 1996లో సుప్రీంకోర్టు వెల్లూరు పౌరుల వ్యాజ్యంలో, కాలుష్యం చేసినవారే నష్టపరిహారం చెల్లించాలని తీర్పు ఇచ్చింది. 2015 జనవరిలో రాణిపేటలో టానరీ వ్యర్థజల శుద్ధి కేంద్రంలోని మడ్డి తొట్టి గోడ కూలి పదిమంది కార్మికులు మరణించారు.

దొమ్మరోగం

ఇక వైద్యుని మాట. పశువులలో దొమ్మరోగం అని మనవారు పిలిచేది ఆంత్రాక్స్. దీనిని కలిగించే సూక్ష్మజీవి గాలి తగలగానే గట్టి కవచం గల బీజరూపం ధరిస్తుంది. ఆ బీజాలు మట్టిలో, తోలులో, వెంట్రుకలలో దశాబ్దాలపాటు సజీవంగా ఉంటాయి. 1876లో రాబర్ట్ కాఖ్ దీని జీవితచక్రాన్ని వివరించాడు. 1881లో పాశ్చర్ గొర్రెలకు టీకా వేసి బహిరంగంగా నిరూపించాడు. ఇంగ్లండులో ఉన్ని వేరుచేసేవారికి, తోళ్ళు మోసేవారికి ఈ వ్యాధి సోకడంతో 1895లో ఫ్యాక్టరీలలో వచ్చే ప్రతి ఆంత్రాక్స్ కేసును ప్రభుత్వానికి తెలియజేయాలని అక్కడ చట్టం వచ్చింది.

ఇది ఎక్కడో జరిగిన పాత కథ అనుకోవద్దు. 2011 జూలై, ఆగస్టు నెలలలో మన చిత్తూరు జిల్లా ముసలిమడుగు గ్రామంలోనే చర్మపు ఆంత్రాక్స్ ప్రబలింది. గొర్రెలు, మేకలు, వాటి మాంసం, తోలు ఉన్నచోట ఈ వ్యాధి నేటికీ మన పొరుగునే ఉంది.

లక్షణాలు గుర్తుంచుకోండి. పచ్చితోలునో చచ్చిన జీవాన్నో తాకిన వారంలోపు చేతిమీద, ముంజేతిమీద లేక ముఖంమీద దురదతో చిన్న పొక్కు లేస్తుంది. అది నీటిపొక్కై, చితికి, మధ్యలో బొగ్గువలె నల్లని పెచ్చు కడుతుంది. చుట్టూ వాపు ఎక్కువ, నొప్పి మాత్రం తక్కువ. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే అసలు ప్రమాదం. సకాలంలో యాంటీబయాటిక్ ఇస్తే దాదాపు అందరూ కోలుకుంటారు. చికిత్స లేకపోతే ఐదుగురిలో ఒకరి వరకు మరణించవచ్చు. నల్ల పెచ్చును కోయకండి, గిల్లకండి.

లెక్కలోకి రాని రోగులు

1700లో ఇటలీ వైద్యుడు రామజ్జిని వృత్తివ్యాధులపై గ్రంథం ప్రచురించి, రోగిని ‘నీవు చేసే పని ఏమిటి?’ అని కూడా అడగమని తోటి వైద్యులకు బోధించాడు. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం ఆంత్రాక్స్‌ను, క్రోమియం పుండ్లను తప్పక తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో చేర్చింది. మంచిదే. కాని ఆ చట్టం ఫ్యాక్టరీకి వర్తించేది. ఇంటి పెరటిలో లంద నడిపేవాడు, చచ్చిన గొర్రెను ఒలిచేవాడు అందులోకి వచ్చేవారు కారు. ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన కాలంలో నేను చూసిన ఓ.పి. చీటీలలో పేరు, వయసు, ఊరు ఉండేవి. వృత్తి గడి చాలాసార్లు ఖాళీగానే ఉండేది. పని ఏమిటో వ్రాయనప్పుడు, పనివల్ల వచ్చిన రోగం ఎవరి లెక్కలోనూ చేరదు. తరతరాలుగా ఈ వృత్తి చేసినవారి పిల్లలు దానిని వదిలివేశారంటే, నైపుణ్యం నశించిందని మనం బాధపడవచ్చు. కాని వారి నిర్ణయం ఆరోగ్యరీత్యా సరైనదే.

ఇంటివద్ద చేయదలచినవారికి

ఇంత చెప్పినా ఈ పని చేయవద్దని నా అభిప్రాయం కాదు. ఈ జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి.

1. ఆరోగ్యంగా ఉండి, పశువైద్యుని తనిఖీ గల కబేళాలో కోసిన మేక, గొర్రె తోలు మాత్రమే తీసుకోండి. హఠాత్తుగా చచ్చిన జీవాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఒలవవద్దు, కోయవద్దు. పశువైద్యశాలకు తెలియజేయండి.

2. మోచేతుల వరకు రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు, మాస్కు ధరించండి. చేతిమీద గాయం ఉంటే మానేవరకు పని ఆపండి. ధనుర్వాతం టీకా వేయించుకోండి.

3. తంగేడు, కరక్కాయ, తుమ్మచెక్క పద్ధతికే పరిమితం కండి. క్రోమియం, సోడియం సల్ఫైడ్ ఇంట వద్దు. సల్ఫైడ్‌కు ఆమ్లం తగిలితే వెలువడే వాయువు క్షణాలలో ప్రాణం తీయగలదు.

4. సున్నం కంటిలో పడితే వెంటనే పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా ధారగా నీళ్ళతో కడిగి, ఆసుపత్రికి వెళ్ళండి.

5. కడిగిన నీటిని బావి దగ్గర, బోరు దగ్గర, చెరువులో వదలవద్దు. పిల్లలను, వంటపాత్రలను దూరంగా ఉంచండి.

6. జ్వరం వచ్చినా, చర్మంమీద పొక్కు లేచినా, తోలుపని చేస్తున్నామని వైద్యునికి మీరే చెప్పండి. ఆయన అడిగేవరకు ఆగకండి. ఆ ఒక్క మాటతో రోగనిర్ధారణ వారం రోజులు ముందుకు జరగవచ్చు.