సూతికాగృహం: శుద్ధి కోసమా, శుశ్రూష కోసమా?

శ్రీమద్భాగవత దశమస్కంధంలో శ్రీకృష్ణావతార ఘట్టం ముగిసే చోట ఒక చిన్న ప్రస్తావన ఉన్నది. వ్రజంలో యశోదాదేవి ప్రసవించినది. కాని ప్రసవశ్రమచే అలసి, నిద్రచే స్మృతి తప్పి, జన్మించినది ఆడశిశువో మగశిశువో కూడ ఎరుగని స్థితిలో ఉన్నది. భక్తులు దీనిని యోగమాయా విలాసంగా స్మరిస్తారు, అది యుక్తమే. అయినను శుకమహర్షి ఆమె అలసటను కూడ చెప్పకుండా విడువలేదు. జగన్నాథుని పెంచబోయే తల్లియైనా, ఆ రాత్రి ఆమె దేహం ఒక బాలింత దేహమే.

ఆ దేహాన్ని ప్రాచీన వైద్యశాస్త్రం ఎట్లు దర్శించినదో చరకసంహిత శారీరస్థానంలోని ఎనిమిదవ అధ్యాయమైన జాతిసూత్రీయం తెలుపుతుంది. గర్భం వృద్ధి చెందుటచే తల్లి ధాతువులన్నీ శిథిలమవుతాయి. ప్రసవ ప్రయాసచేతను, క్లేద రక్తములు స్రవించుటచేతను ఆమె శరీరం శూన్యమవుతుంది. (ఈ శూన్యం దార్శనికుల శూన్యం కాదు, వార్చి బోర్లించిన కుండ వంటి రిక్తత.) అందుచేతనే ఈ దశలో సంక్రమించిన వ్యాధి కష్టసాధ్యమో అసాధ్యమో అవుతుందని ఆచార్యుడు హెచ్చరించినాడు. పరిచర్యకు అక్కడ చెప్పబడిన హేతువు ఇదే. ఆ హేతువులో మైల ప్రసక్తి లేదు.

రిక్తమైన దానిని నింపడమే చికిత్స. ఆకలి కలిగినదని తెలిసిన పిమ్మట పిప్పలి, పిప్పలీమూలం, చవ్యం, చిత్రకం, శొంఠి చూర్ణాలు చేర్చిన నేతినో నూనెనో ఆమె జీర్ణశక్తికి తగిన మాత్రలో త్రాగించాలి. ఉదరానికి నేయీ నూనే పూసి పెద్ద వస్త్రంతో చుట్టాలి. ఖాళీ అయిన కుక్షిలో వాయువు చోటు చేసుకొని వికారం కలిగించకుండుటకే ఆ కట్టు. స్నేహం జీర్ణమైన తరువాత అవే ఔషధాలతో కాచిన పలుచని జావ. ఉదయం, సాయంకాలం వేడినీటి స్నానం. ఈ క్రమం ఐదు లేక ఏడు రాత్రులు సాగిన మీదట క్రమక్రమంగా పుష్టినిచ్చే ఆహారం. సంస్కృతంలో నేతికి, నూనెకు, ప్రేమకు కలిపి 'స్నేహం' అనే ఒకే మాట ఉండటం ఈ సందర్భంలో ఎంతో సహజంగా తోస్తుంది.

సుశ్రుతుడు మరికొన్ని వివరాలు చేర్చినాడు. ప్రసవ సమయాన పరిచర్య చేసే నలుగురు స్త్రీలు వయస్సు మీరినవారు, ప్రసవ కార్యంలో నేర్పరులు, గోళ్ళు కత్తిరించుకొన్నవారు కావాలి. సూక్ష్మక్రిముల జ్ఞానం ఆనాడే ఉన్నదని దీనిని బట్టి వాదించడం అతిశయోక్తి. చేతి గోరు తల్లికి హాని చేయగలదని చూచిన అనుభవం మాత్రం ఇందులో స్పష్టం. ప్రసవానంతరం బలాతైలంతో అభ్యంగనం, దోషం మిగిలియుంటే వేడి బెల్లపు నీటితో పిప్పల్యాది చూర్ణం, అటుపై స్నేహయుక్తమైన జావ విధించి, ఒకటిన్నర మాసం గడిచిన పిమ్మట ఆమెకు నియమాల నుండి విముక్తి చెప్పినాడు. మరల ఋతుదర్శనం అయ్యేవరకు సూతికయే అనే మతాంతరాన్ని కూడ పేర్కొన్నాడు. నేటి వైద్యులు ప్రసవానంతర దశను సుమారు ఆరు వారాలుగా గణిస్తారు.

నేపాళంలో లభించిన ఖండిత తాళపత్ర ప్రతి ఆధారంగా 1938లో ముద్రితమైన కాశ్యపసంహిత ఇంకొక అడుగు ముందుకు వేసినది. నీటి వనరులు మిక్కుటమైన ఆనూప దేశపు బాలింతకు ఒక విధి, మెట్ట ప్రాంతమైన జాంగల దేశపు బాలింతకు మరొక విధి. విదేశ జాతుల స్త్రీల ఆచారాలను సైతం ఆ గ్రంథం నిందింపక నమోదు చేసినది. అందరికీ ఒకటే పథ్యమనే పట్టుదల అందులో కానరాదు.

ఇక ఆ గది. చరకుని వర్ణనలో సూతికాగృహం లోపల తుమికి కట్టెల అగ్ని నిత్యం వెలుగుతూ ఉంటుంది. ద్వారం వద్ద రక్షావిధులు, రెండు పూటలా అథర్వవేదవిదుని శాంతికర్మ. ఆత్మీయులైన స్త్రీలు పది లేక పన్నెండు రాత్రులు మేల్కొని ఉండాలి. దానాలు, ఆశీస్సులు, గీతవాద్యాలు ఎడతెగరాదు. ఇల్లు అనురాగంతో సంతోషించే జనంతో నిండి ఉండాలి. నందుని ఇంటికి కానుకలు పట్టుకొని పాడుతూ తరలివచ్చిన గోపికల కోలాహలం కవికల్పన మాత్రమే కాదని ఈ వైద్యవిధి చదివినప్పుడు తెలుస్తుంది. ఒంటరితనం బాలింతకు హితం కాదని శాస్త్రకారునికి తెలుసు.

దీనికి సమాంతరంగా ధర్మశాస్త్ర ధార ప్రవహించినది. జననాశౌచం తల్లికే అంటుతుందని, తండ్రి స్నానమాత్రంచే శుద్ధుడవుతాడని మనుస్మృతిలో ఒక పక్షం. తెలుగులో 'పురుడు' అనే మాట ప్రసవానికీ, ఆ పది దినాల అశౌచానికీ కూడ వాడుక కావడంలో ఈ రెండు ధారల కలయిక కనిపిస్తుంది. అశౌచం వలన ఆమెకు వంటింటి చాకిరి నుండి, దేవతార్చన భారం నుండి విశ్రాంతి లభించినదన్న మాట నిజమే. కాని కాలక్రమంలో అనేక గృహాలలో శుశ్రూష సన్నగిల్లి, దూరం మాత్రమే మిగిలినది. వెలుతురు చొరని మూలగది, వేరు కంచం, తాకితే స్నానం. బిడ్డను చేతులలోకి తీసుకొన్న మంత్రసానిని ఆ మరుసటి దినమే గడప అవతల నిలిపిన ఇళ్ళు ఎన్ని! బాలింతకు దాహమిస్తే ఒళ్ళు నీరుపడుతుందనే భయంతో మంచినీరు కూడ కొలిచి ఇచ్చే అలవాటుకు, వేడి బెల్లపు నీరు త్రాగించిన సుశ్రుతునికి పొంతన ఏమున్నది? జ్వరం వచ్చినా, అధిక రక్తస్రావమైనా పురుడు తీరేవరకు ఆగుదామనే వారు, ఈ వ్యాధులు ప్రాణాంతకములన్న చరకుని హెచ్చరికను మరచినవారే. ఆ లక్షణాలు కనిపించిన క్షణం వైద్యశాలకు చేర్చడమే ఆ హెచ్చరికను పాటించడం.

శాస్త్రధార పూర్తిగా ఇంకిపోలేదు. గ్రంథం పేరు ఎరుగని అమ్మమ్మలే దానిని నిలిపినారు. శొంఠి, పిప్పళ్ళు, మోడి దంచి బెల్లం, నేయి చేర్చి చేసే బాలింత కాయం చరకుని చూర్ణానికి దగ్గరి బంధువు. పచారీ అంగడిలో 'మోడి' అని అడిగి తెచ్చే సరుకు పిప్పలీమూలమే. నడికట్టు ఆ ఉదరవేష్టనమే. వావిలాకు కాచిన నీటి స్నానం, సాంబ్రాణి ధూపం ఈ నేల చేర్చుకొన్నవి. పుట్టింటికి వచ్చిన కూతురి కాళ్ళకు తల్లి నూనె రాస్తూ, రాత్రి బిడ్డ ఏడిస్తే "నువ్వు పడుకో అమ్మా, నేను చూస్తాను" అనడంలో ఆ పన్నెండు రాత్రుల జాగరణ ఇంకా సాగుతున్నది.

ఇరవైయొకటవ దినాన బాలింత చేత బావికి పసుపు కుంకుమలు పెట్టించి చేద వేయించే వేడుక తెలుగునాట పలుచోట్ల ఉన్నది. నీరు తోడే పని అంతవరకు ఆమెది కాదు. ఆ దినాన కూడ మొదటి చేద మాత్రమే ఆమెది. మిగిలిన బిందెలు వేరెవరో నింపుతారు.